సైనికులనూ వారి కుటుంబాలనూ గౌరవించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు దగ్గర పడుతుంటే బడుల నుంచి, పంచాయతీల నుంచి, యువజన సంఘాల నుంచి ఈ ప్రశ్నలు వస్తుంటాయి. ఊళ్లో ఎవరైనా జవాను వీరమరణం పొందితే ఇవే ప్రశ్నలు ఇంకా ఆదరాబాదరాగా వస్తాయి. శాలువా కప్పడం, దండ వేయడం మంచివే. కాకపోతే అవి ఒక పూటతో అయిపోతాయి. మిలిటరీ వాళ్ల ఇంటికి ఏడాదిలో మిగతా రోజులన్నీ అలాగే ఉంటాయి. ఆ రోజుల్లో అక్కరకు రావడమే అసలైన గౌరవమని మేం నమ్ముతాం. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

పతాక దినోత్సవం అంటే ఏమిటి? డిసెంబరు 7నే ఎందుకు?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సైనికుల బాగోగులు చూడటానికి రక్షణ మంత్రి ఆధ్వర్యంలో ఒక కమిటీ ఏర్పడింది. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరపాలని ఆ కమిటీ 1949 ఆగస్టు 28న నిర్ణయించింది. ఆ ఏడాది నుంచే ఇది నడుస్తోంది. చిన్న జెండాలు పంచి విరాళాలు తీసుకోవడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ జెండాలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు ఉంటాయి. అవి వరసగా ఆర్మీ, నౌకాదళం, వైమానిక దళాలకు గుర్తు.

యుద్ధంలో నష్టపోయిన వాళ్లకు పునరావాసం కల్పించడం, సర్వీసులో ఉన్న వాళ్ల కుటుంబాల సంక్షేమం చూడటం, మాజీ సైనికుల్ని ఆదుకోవడం ఈ రోజు పెట్టుకున్న మూడు పనులు. జెండా గుండెకు పెట్టుకుని ఫొటో దిగి ఊరుకుంటే ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు.

మేమిచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది?

సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి చేరుతుంది. అంతకుముందు విడివిడిగా ఉన్న కొన్ని సంక్షేమ నిధుల్ని కలిపి 1993లో దీన్ని ఏర్పాటు చేశారు. ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు దీన్ని చూస్తుంది, రక్షణ మంత్రి ఆ బోర్డుకు అధ్యక్షుడు. దాని కింద రాష్ట్రంలో రాజ్య సైనిక్ బోర్డు, జిల్లాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటాయి. మీకు అందుబాటులో ఉండేది జిల్లా ఆఫీసు.

ఈ నిధి నుంచి సాయం పొందే వాళ్లలో చాలామంది గురించి బయట తెలియదు. జవాన్ల హోదాల్లో పెన్షన్ రావాలంటే సాధారణంగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఏవో కారణాల వల్ల అంతకంటే ముందే బయటికి వచ్చేసి, ఇప్పుడు ఏ ఆధారమూ లేని ముసలివాళ్లున్నారు. అలాంటి వాళ్లు పోయాక ఒంటరిగా మిగిలిన భార్యలున్నారు. 65 దాటిన అలాంటి వాళ్లకు నెలవారీ భృతి ఈ నిధి నుంచే వెళ్తుంది. పిల్లల చదువుకు, కూతురి పెళ్లికి, పెన్షన్ లేని వాళ్ల వైద్యానికి కూడా సాయముంది. వెన్నెముక దెబ్బతిన్న జవాన్ల కోసం పుణె దగ్గర ఖడ్కీలో, మొహాలీలో ఉన్న పునరావాస కేంద్రాలకూ ఇక్కడి నుంచి గ్రాంటు అందుతుంది. యుద్ధమంటే టీవీలో చూసే మనకు, చక్రాల కుర్చీలో ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషి తట్టడు. ఆయన కోసం ఒక వంద రూపాయలు పక్కన పెట్టండి.

ఎలా పంపాలి? మోసపోకుండా ఏం చూసుకోవాలి?

కేంద్రీయ సైనిక్ బోర్డు అధికారిక వెబ్‌సైట్ ద్వారా పంపండి, లేదా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుంది. వాట్సాప్‌లో జవాను ఫొటోతో వచ్చిన క్యూఆర్ కోడ్‌కు మాత్రం పైసా పంపొద్దు. ఎక్కడ దాడి జరిగినా గంటల్లోనే ఇలాంటివి పుట్టుకొస్తాయి.

యుద్ధంలో చనిపోయిన, గాయపడిన వాళ్ల కోసమే ఇవ్వాలనుకుంటే దానికి విడిగా ఒక సంక్షేమ నిధి ఉంది. దానికి విరాళాలిచ్చేందుకు రక్షణ శాఖ 2022లో 'మా భారతీ కే సపూత్' పేరుతో వెబ్‌సైట్ తెరిచింది.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లు ఇందులోకి రారా?

రారు. ఆ దళాలు హోంశాఖ కింద ఉంటాయి. వాటిలో అమరులైన వాళ్ల కుటుంబాలకు నేరుగా సాయం చేయడానికి 2017లో 'భారత్ కే వీర్' మొదలైంది. నిధులు వేరైనా దుఃఖం ఒకటే కాబట్టి ఊళ్లో కార్యక్రమం పెట్టినప్పుడు ఆ ఇళ్లను వదిలేయకండి.

కార్యక్రమం పెట్టడానికి ఇంకే రోజులు తగినవి?

జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప 1953లో ఆ రోజు పదవీ విరమణ చేశారు. మర్నాడు 15న ఆర్మీ డే, ఎందుకంటే 1949లో ఆయన బ్రిటిష్ జనరల్ చేతుల నుంచి బాధ్యతలు తీసుకున్నది ఆ రోజే. కార్గిల్ విజయ్ దివస్ జూలై 26న, వైమానిక దళ దినోత్సవం అక్టోబరు 8న, నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న, 1971 విజయ దినం డిసెంబరు 16న వస్తాయి.

జనవరి 14 తెలుగు నేల మీద దాదాపు ఎప్పుడూ భోగి, సంక్రాంతి హడావిడిలో పడిపోతుంది. అలాగని వదిలేయనక్కర్లేదు. పండక్కి అందరూ ఊళ్లోనే ఉంటారు గనక ఆ పూటే మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లి పలకరించి రావచ్చు. మైకులూ షామియానాలూ అక్కర్లేదు.

మా ఊరి జవాను వీరమరణం పొందాడు. అంత్యక్రియల్లో ఊరివాళ్లం ఏం చేయాలి?

సైనిక లాంఛనాల బాధ్యత పూర్తిగా సైన్యానిదే. దగ్గర్లోని యూనిట్ నుంచి జవాన్లు వస్తారు. పుష్పగుచ్ఛాలు ఉంచుతారు, తుపాకులు తలకిందులుగా పట్టి నిలబడతారు, గాలిలోకి కాల్పులు జరుపుతారు, బ్యూగుల్ మీద 'లాస్ట్ పోస్ట్' అనే వీడ్కోలు రాగం వాయిస్తారు. ఏ మతాచారం ప్రకారం జరపాలన్నది కుటుంబం ఇష్టం.

శవపేటిక మీద జాతీయ పతాకం కప్పినప్పుడు కాషాయం తల వైపు ఉండాలి. పతాకాన్ని చితి మీద కాల్చకూడదు, సమాధిలోకి దించకూడదు. ఇది ఫ్లాగ్ కోడ్‌లో ఉన్న నిబంధన. చివర్లో జవాన్లు దాన్ని తీసి, మడతపెట్టి, భార్య చేతికో తల్లిదండ్రుల చేతికో అందిస్తారు. ఆ ఒక్క నిమిషం చూడండి. అప్పటిదాకా మనిషిని పట్టుకుని ఏడుస్తున్న ఆ అమ్మాయి చేతుల్లోకి ఇప్పుడు మడతపెట్టిన గుడ్డ వస్తుంది. సరిగ్గా అప్పుడే పది ఫోన్లు ఆమె మొహం ముందుకు లేస్తాయి. ఊరి పెద్దలు ముందుగా చేయాల్సింది ఆ ఫోన్లను ఆపడం. కుటుంబం చుట్టూ నాలుగడుగుల జాగా ఉండేలా ఊరి కుర్రాళ్లను చేతులు పట్టి వలయంలా నిలబెట్టండి. మేం ఇచ్చే సలహాల్లో దీన్ని మించింది లేదు.

తర్వాత చేయాల్సినవి మామూలు పనులు. వచ్చే బండ్లకు దారి, తాగునీళ్లు, నీడ చూడాలి. దూరం నుంచి వచ్చిన జవాన్లకు భోజనం పెట్టాలి. ఇంట్లో ముసలివాళ్ల మందులు, చిన్నపిల్లల పాలు ఎవరైనా ఒకరు చూసుకోవాలి. నాయకులు వస్తారు, రానీయండి. కానీ అంత్యక్రియల వేళను వాళ్ల రాకను బట్టి జరపడం, కుటుంబాన్ని ఎండలో కూర్చోబెట్టడం తగదు. ఈ మాట గట్టిగా చెప్పగల పెద్దమనిషి ఊరికి ఒకరుండాలి.

సాయంత్రానికి ఊరు ఖాళీ అవుతుంది. పదకొండో రోజు దాటాక ఫోన్లు కూడా తగ్గిపోతాయి. మీరు మొదలుపెట్టాల్సింది అప్పుడు.

సన్మానానికి ఎవర్ని పిలవాలి? భార్యనా, తల్లిదండ్రులనా?

ఇద్దరినీ పిలవాలి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుకు మహావీర చక్ర ప్రకటించారు. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా దాన్ని ఆయన తల్లి, భార్య కలిసి అందుకున్నారు. ఊళ్లో జరిగే సభలకూ అదే మర్యాద పాటించండి. ఒకరిని వేదిక ఎక్కించి రెండోవాళ్లను కింద కుర్చీలో వదిలేస్తే ఆ ఇంట్లో లేని చిచ్చు మనం పెట్టినవాళ్లమవుతాం. పరిహారం పంపకాల గొడవలు ఉన్న ఇంట్లో ఇది మరీ సున్నితం.

రాలేమంటే బలవంతం చేయకండి. ఏడాదికి నాలుగుసార్లు వేదిక మీద నిలబెట్టి అదే సంఘటన మళ్లీ మళ్లీ చెప్పించడం ఆ తల్లికి శిక్ష. ఆమెతో మాట్లాడేటప్పుడు కొడుకు ఎలా చనిపోయాడని కాకుండా ఎలా బతికాడని అడగండి. చిన్నప్పటి అల్లరి, సెలవు మీద వచ్చినప్పుడు చేసిన పనులు, ఇష్టంగా తిన్నవి చెప్పడానికి ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. వినేవాళ్లే ఉండరు.

వీరనారికి, అంటే అమరుడైన సైనికుడి భార్యకు, ఏ సాయం నిజంగా పనికొస్తుంది?

కాగితాలు. ఇది వినడానికి చప్పగా ఉంటుంది గానీ ఆమె తిరిగే తిరుగుడంతా వాటి కోసమే.

మొదట పెన్షన్ రకాలు తెలియాలి. సైనికుడు మామూలు కారణాల వల్ల చనిపోతే సాధారణ కుటుంబ పెన్షన్ వస్తుంది, సాధారణంగా అది చివరి జీతంలో 30 శాతం. మరణానికి సర్వీసే కారణమైతే ప్రత్యేక కుటుంబ పెన్షన్ 60 శాతం. శత్రువుతో పోరులో, ఉగ్రవాదుల మీద ఆపరేషన్లలో మరణిస్తే ఉదార కుటుంబ పెన్షన్ కింద చివరి జీతంతో సమానంగా ఇస్తారు. మరణాన్ని ఏ కోవలో రాశారన్న దాన్ని బట్టి ఆమె బతుకంతా మారిపోతుంది. అందుకే ఆ కాగితం అందగానే దాని మీద ఏం రాసి ఉందో చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. తప్పుంటే అప్పీలు దారి ఉంది.

తర్వాత వచ్చేది పేరు తంటా. పెళ్లయినప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు జవాను తన యూనిట్‌కు తెలియజేస్తే 'పార్ట్ టూ ఆర్డర్' అనే ఉత్తర్వు వెలువడి ఆ వివరం అతని రికార్డులో ఎక్కుతుంది. అక్కడ భార్య పేరు 'లక్ష్మి' అని ఉండి, ఆధార్‌లో 'వెంకటలక్ష్మి' అని ఉంటే పని ఆగిపోతుంది. కొన్నిసార్లు పుట్టింటి ఇంటిపేరు ఒక చోట, మెట్టింటి ఇంటిపేరు ఇంకో చోట ఉంటుంది. సరిచేయించాల్సింది ఆ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులో. ఆర్టిలరీ (ఫిరంగి దళం) వాళ్లకు అది నాసిక్‌లో, ఈఎంఈ (యంత్రాలు, వాహనాల మరమ్మతు విభాగం) వాళ్లకు సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్‌లో ఉంటుంది. దరఖాస్తు హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. ఊళ్లో ఆ భాష వచ్చిన టీచరో, రిటైరైన సుబేదారో ఒక పూట కూర్చుని రాసిపెడితే అది ఎన్ని శాలువాలకైనా సమానం.

ఇప్పుడు రక్షణ పెన్షన్లు 'స్పర్శ్' ఆన్‌లైన్ విధానంలోకి వచ్చాయి. ఏటా జీవన ధ్రువీకరణ ఇవ్వాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. వేలిముద్ర పడని ముసలమ్మను మీసేవకో సచివాలయానికో బండి మీద తీసుకెళ్లి పక్కన నిలబడండి. ఈ పని ఏటా ఒక్కసారే వస్తుంది. ఊరి యువజన సంఘం తమ ఊళ్లోని పెన్షనర్ల పేర్లు, వాళ్ల ధ్రువీకరణ నెల రాసుకుని ఉంచుకుంటే చాలు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సాయం పేరుతో ఆమె ఏటీఎం కార్డు, ఓటీపీ, ఖాళీ కాగితం మీద సంతకం ఎవరూ తీసుకోకూడదు, చుట్టాలైనా సరే. పెద్ద మొత్తం బ్యాంకులో పడిన మొదటి ఏడాదిలో అప్పులడిగేవాళ్లు, స్థలాలు అమ్మజూపేవాళ్లు వరస కడతారు.

భర్త బోర్డర్‌లో ఉన్నాడు, భార్యాపిల్లలు ఊళ్లో ఉన్నారు. ఇరుగుపొరుగుగా ఏం చేయగలం?

సరిహద్దు లాంటి ఫీల్డ్ ఏరియా పోస్టింగుల్లోకి కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. ప్రయాణాలు పోను, అత్యవసర పరిస్థితి వస్తే మధ్యలోనే వెనక్కి పిలిచే వీలు పోను మిగిలింది ఇంటికి. పిల్లాడి జ్వరం, మామగారి ఆపరేషన్, ఇంటి కప్పు కారడం ఆ సెలవుల కోసం ఆగవు. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఫలానా వాళ్లను లేపొచ్చు అన్న ధైర్యం ఆ ఇల్లాలికి ఉండాలి. ఆ 'ఫలానా వాళ్లు' మీరే కండి. అడిగితే చేస్తామని ఊరుకోకుండా ముందే వెళ్లి చెప్పండి. మొహమాటంతో చాలామంది అడగరు.

ఇంకో పెద్ద బాధ పొలం. మనిషి లేడు కదా అని గట్టు జరిపేవాళ్లు, దారి మూసేవాళ్లు, దాయాది వాటా కలిపేసుకునేవాళ్లు ఉన్నారు. సరిహద్దు కాసే మనిషి సొంత పొలం సరిహద్దు కోసం సెలవు పెట్టి మండల ఆఫీసు వరండాలో కూర్చోవడం ఊరందరికీ తలవంపులు. జిల్లా సైనిక్ బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. జవాను తన కమాండింగ్ ఆఫీసర్ ద్వారా కలెక్టరుకు లేఖ పంపించుకోవచ్చు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి దాని వెంట పడతారు. యుద్ధ పరిస్థితుల్లోనో, ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడి మీద సివిల్ కేసు నడుస్తుంటే, అతను హాజరు కాలేడని చూపితే విచారణ వాయిదా వేయడానికి 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం వీలు కల్పిస్తుంది. చాలామందికి దాని పేరు కూడా తెలియదు. మీకు తెలిసిన వకీలుకు చెప్పండి.

రిటైరై వచ్చిన వాళ్లకు పెన్షన్, క్యాంటీన్ ఉన్నాయిగా, ఇంకేం కావాలి?

సిపాయిగా చేరినవాళ్లు చాలామంది 35, 40 ఏళ్ల మధ్యలోనే బయటికొస్తారు. పిల్లలు అప్పటికింకా బడిలో ఉంటారు. ఇల్లు కట్టి ఉండదు. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ వైద్యానికి, 2014 జూలై 1 నుంచి వర్తించేలా అమలైన ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ రాబడికి ఆసరా అయ్యాయి, నిజమే. కానీ రేడియో సెట్లు, జనరేటర్లు, వంద బండ్ల కాన్వాయ్ నడిపించిన హవల్దారుకు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కుర్చీ ఒక్కటే చూపించడం మన ఊహ చాలకపోవడమే. మీకు ఫ్యాక్టరీయో బడో గోదామో ఉంటే ఆయన డిశ్చార్జ్ బుక్ తెరిచి ట్రేడ్ ఏమిటో, ఏ కోర్సులు చేశారో చూడండి. స్టోర్స్, రవాణా, మెయింటెనెన్స్, సిబ్బంది అజమాయిషీ ఇవన్నీ ఆయన చేసిన పనులే.

అగ్నివీరుల సంగతి వేరు. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద చేరిన వీళ్లలో నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లకు 'సేవానిధి' పేరుతో ఒకేసారి కొంత డబ్బు వస్తుంది, పెన్షన్ రాదు. ఆ పాతికేళ్ల లోపు కుర్రాళ్లకు సన్మానం కంటే ఉద్యోగం అవసరం.

పిల్లల చదువుకు ఏమున్నాయి?

మాజీ సైనికుల పిల్లలు, వీరనారుల పిల్లలు వృత్తి విద్యా కోర్సుల్లో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఆడపిల్లలకు నెలకు 3000, మగపిల్లలకు 2500 రూపాయలు. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు రిజర్వేషన్ ఉంది. గడువు తేదీలు దాటిపోవడమే ఎక్కువగా జరిగే నష్టం, కాబట్టి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించండి.

మా ఊళ్లో విగ్రహం పెట్టాలనుకుంటున్నాం. మంచిదేనా?

కుటుంబం ఒప్పుకుంటే, ఏటా కడిగి రంగు వేసే బాధ్యత ఒకరు రాసిస్తే మంచిదే. దుమ్ము పట్టి కరెంటు తీగలు వేలాడే విగ్రహం కంటే పంచాయతీ గోడ మీద పేర్ల పలక నయం. ఊరి నుంచి సైన్యంలో చేరిన అందరి పేర్లూ, తిరిగొచ్చిన వాళ్లవి కూడా, నంబరు, ర్యాంకు, యూనిట్‌తో సహా చెక్కించండి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం గోడలు కూడా ఇదే పని చేస్తాయి: స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా గ్రానైట్ మీద ఉంటాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని చుట్టుపక్కల వాళ్లు మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరది. అలాంటి చరిత్ర మీ ఊరికీ కొంత ఉండొచ్చు, ముసలివాళ్లుండగానే అడిగి రాసిపెట్టుకోండి.

బడిపిల్లల్ని తీసుకెళ్లాలంటే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరి వీరుల సైనిక స్మారకం, విశాఖ ఆర్కే బీచ్‌లో 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉన్నాయి. దాని దగ్గర్లోనే కురుసుర జలాంతర్గామి మ్యూజియం. లోపలి ఇరుకు దారుల్లో నడిచాక, నెలల తరబడి అందులో మనుషులెలా ఉన్నారని పిల్లలే అడుగుతారు.

పిల్లలకు ఆర్మీ డ్రెస్ వేసి నాటిక వేయించొచ్చా?

వేయించొచ్చు. పెద్దవాళ్లు మాత్రం జవానునని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకోవడం నేరం. అసలు పతకాలను పోలినవి పిల్లల చొక్కాలకు తగిలించకండి. పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికే దక్కింది, వాళ్లలో 14 మందికి మరణానంతరం. ఆ పేర్లు పిల్లల చేత చదివించండి.

జవాను ఫొటోలు, పోస్టింగ్ వివరాలు సోషల్ మీడియాలో పెట్టొచ్చా?

అతన్ని అడక్కుండా ఏదీ పెట్టొద్దు. యూనిట్ పేరు, ఉన్న చోటు, బయల్దేరే తేదీ, రైలు నంబరు అసలే వద్దు. 'ఇప్పుడెక్కడున్నావు' అని ఫోన్లో అడిగి ఇబ్బంది పెట్టొద్దు. ఇంటివాళ్లకే అన్నీ చెప్పలేని ఉద్యోగమది. ఉత్తరం రాయాలంటే యూనిట్ పేరుతో 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అడ్రస్ ఇంటివాళ్ల దగ్గర ఉంటుంది, అది చాలు. ఏ కొండ మీద ఉన్నా సైనిక తపాలా వాళ్లు చేరుస్తారు. సిగ్నల్ లేని చోట ఊరి నుంచి వచ్చిన కాగితాన్ని పదిసార్లు చదువుకుంటారు. వర్షాలు పడ్డాయా, చెరువు నిండిందా, వాళ్ల నాన్న బీపీ ఎలా ఉందో రాయండి.